ఎన్ఏడీహెచ్‌ని ఒక ఎంజైము ఇంకో ఎంజైము చేతికిస్తుందా, వదిలేస్తే అదే వెళ్తుందా?

రాత్రిడ్యూటీ:

తొమ్మిదేళ్ళుగా బయోకెమిస్ట్రీ అనలైజర్ మీద పని చేస్తున్నాను. ఇప్పుడు దూరవిద్యలో ఎమ్మెస్సీ కట్టాను. డ్యూటీ చేసుకుంటూ చదువుతున్నదాన్ని, ప్రశ్న మరీ చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే ఏమీ అనుకోకండి.

మొన్న రాత్రి మూడింటికి ఒక శాంపిల్ వచ్చింది. సీరం ముదురు పసుపు. బిలిరుబిన్ బాగా ఎక్కువ, ఎస్జీపీటీ మాత్రం 38 అని వచ్చి పక్కన ఫ్లాగ్ కొట్టింది. రియాక్షన్ కర్వ్ తెరిచి చూస్తే మొదటి రీడింగ్‌కే అబ్సార్బెన్స్ అడుగంటిపోయి ఉంది, ఆ తర్వాత గీత చదునుగా పోయింది. పదింతలు డైల్యూట్ చేసి మళ్ళీ పెడితే 2,900 చిల్లర వచ్చింది. ల్యాబ్ వాళ్ళకి ఇది కొత్త కాదు. శాంపిల్‌లో ఎంజైము మరీ ఎక్కువైతే, మెషిన్ చదవడం మొదలుపెట్టేలోపే రీఏజెంట్‌లోని ఎన్ఏడీహెచ్ (ఎంజైముకి తోడుండి ఎలక్ట్రాన్లు మోసే చిన్న అణువు, అంటే కోఎంజైము; అవి దించేశాక ఎన్ఏడీ) మొత్తం అయిపోతుంది.

తెలియనివాళ్ళ కోసం: ఎస్జీపీటీ అంటే ఏఎల్‌టీయే. దాన్ని నేరుగా చూడలేం. అది అలనిన్ నుంచి పైరువేట్ చేస్తుంది. రీఏజెంట్‌లో మనం ముందే పోసి ఉంచిన ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము) ఆ పైరువేట్‌ని లాక్టేట్ చేస్తూ ఒక్కోదానికి ఒక్కో ఎన్ఏడీహెచ్ ఖర్చు పెడుతుంది. ఎన్ఏడీహెచ్ 340 నానోమీటర్ల దగ్గర కాంతిని పీలుస్తుంది, ఎన్ఏడీ పీల్చదు. 340లో గీత ఎంత వేగంగా దిగితే ఏఎల్‌టీ అంత ఎక్కువ.

ఆ రాత్రి నుంచి ఒకటే ఆలోచన. కువెట్‌లో (మెషిన్ కాంతి పంపి చదివే చిన్న గొట్టంలో) అయితే ఎన్ఏడీహెచ్‌ని మనమే పోస్తాం. లివర్ కణంలో ఎవరు పోస్తారు? పుస్తకంలో గ్లైకాలిసిస్ బొమ్మ గీసి, పైన గ్లిసరాల్డిహైడ్ ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ దగ్గర పుట్టిన ఎన్ఏడీహెచ్‌ని వంపు బాణంతో కింద ఎల్‌డీహెచ్ దాకా తెచ్చి వదిలారు. ఆ బాణం వెంట నిజంగా జరిగేది ఏమిటి? రెండు ఎంజైములు ఒకదాన్నొకటి ఆనుకుని చేతి నుంచి చేతికి ఇచ్చుకుంటాయా? ఒక క్లాసులో "ఛానెలింగ్" అన్నారు. ఇంకో పుస్తకంలో "ఫ్రీ పూల్" (నీళ్ళలో విడిగా తిరిగే ఉమ్మడి నిల్వ) అని రాశారు. రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి?

---

కువెట్‌తాత:

చిన్నపిల్లల ప్రశ్న కాదండీ. దీని మీద పెద్దపెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఆ కొట్లాట అంచున నేనూ ఓ మూడు వారాలు పిచ్చోణ్ణయ్యాను, ఆ సంగతికి తర్వాత వస్తా.

జవాబు ముందే చెప్పేస్తాను. ఎన్ఏడీహెచ్ విషయంలో చేతికివ్వడం లేదు. ఎంజైము దాన్ని నీళ్ళలోకి వదిలేస్తుంది, ఎవరికి దొరికితే వాళ్ళది. ఆలస్యమంతా ఆ వదలడంలోనే ఉంది.

లెక్క చూద్దాం. సైటోసాల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఎన్ఏడీహెచ్ అంత చిన్న అణువుకి వ్యాప్తి గుణకం సెకనుకి 200 చదరపు మైక్రోమీటర్లు అనుకోండి. ఏదైనా ఒక ఎంజైము 10 మైక్రోమోలార్ ఉంటే పక్కపక్క అణువుల మధ్య దూరం 55 నానోమీటర్ల చిల్లర. అంత దూరం పోవడానికి రెండు మూడు మైక్రోసెకన్లు చాలు. 20 మైక్రోమీటర్ల లివర్ కణాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి దాటాలన్నా సెకనులో మూడో వంతు. తగిలిన ప్రతిసారీ అతుక్కోదు, అందుకని ఖాళీ చోటు దొరకడానికి కొన్ని మిల్లీసెకన్లు వేసుకోండి. అంతకు మించి లేదు.

ఇప్పుడు వదలడం చూడండి. గుర్రం లివర్ నుంచి తీసిన ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ మీద థియోరెల్, చాన్స్ 1951లో చేసిన పని మాకు పాఠాల్లో మొదటి పాఠం. ఆల్కహాల్ ఆల్డిహైడ్ కావడం చిటికెలో అయిపోతుంది. ఆల్డిహైడ్ కూడా వెంటనే బయటికి పోతుంది. ఎన్ఏడీహెచ్ మాత్రం గూడు వదలదు. అది కదిలితేగానీ ఎంజైముకి తర్వాతి బేరం లేదు, కాబట్టి మొత్తం వేగం సెకనుకి నాలుగైదుకి మించదు.

మనుషుల్లో ఇంకా చిత్రం. ఏడీహెచ్1బీ అనే ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్‌లో ఒక రకం నిమిషానికి పది ఆల్కహాల్ అణువుల్ని కూడా దాటించలేదు. నిమిషానికండీ! దాంట్లో 47వ స్థానంలోని ఆర్జినిన్ కోఎంజైము ఫాస్ఫేట్‌ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. కొందరిలో అదే చోట హిస్టిడిన్ ఉంటుంది. ఆ ఒక్క అమైనో ఆమ్లం మారితే వేగం దాదాపు 40 రెట్లు పెరుగుతుంది. మారిందల్లా పట్టు. పట్టు సడలింది, ఎన్ఏడీహెచ్ త్వరగా జారింది, ఎంజైము త్వరగా ఖాళీ అయింది. బస్సు ఎంత వేగంగా పోయినా దిగేవాడు మెట్టు మీదే నిలబడితే ఎక్కేవాడు ఎక్కలేడు కదా, అదీ సంగతి.

ఇక మీ బాణం గురించి. అది కండరానికి సరిపోయే బాణం. ఆకలితో ఉన్నప్పుడు లివర్‌లో అది తిరగబడుతుంది. కండరాల నుంచి, ఎర్ర రక్తకణాల నుంచి వచ్చిన లాక్టేట్‌ని లివర్ తీసుకుని పైరువేట్ చేస్తుంది, అంటే అక్కడ ఎల్‌డీహెచ్ ఎన్ఏడీహెచ్‌ని పుట్టిస్తుంది. అదే దారిలో పైకి గ్లూకోజ్ వైపు పోతూ గ్లిసరాల్డిహైడ్ ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ దాన్ని ఖర్చు పెడుతుంది. అవే ఎంజైములు, అదే కోఎంజైము, ప్రవాహం ఎదురు. రెండు ఎంజైముల మధ్య గొట్టం బిగించి ఉంటే ఇలా పూటకో దిక్కుకి తిరగడం కష్టం. చెరువులోంచి తోడుకున్నట్టు అయితే తేలిక.

ఆ చెరువు ఎంత లోతో కూడా చెప్తాను, ఇది మీకు నచ్చుతుంది. ఫ్రీగా తిరిగే ఎన్ఏడీహెచ్‌ని నేరుగా కొలవడం కష్టం, ఎందుకంటే లివర్ ముక్కని ఆమ్లంలోనో క్షారంలోనో నూరితే ప్రోటీన్లు పట్టుకుని ఉన్నదీ, మైటోకాండ్రియాలో ఉన్నదీ అన్నీ కలిసి బయటికొస్తాయి. అందుకని క్రెబ్స్ బృందం (విలియమ్సన్, లండ్, క్రెబ్స్, 1967) దొడ్డిదారిన వెళ్ళింది. ఎల్‌డీహెచ్ లివర్‌లో పుష్కలం, దాని చర్య ఎప్పుడూ సమతాస్థితి దగ్గరే ఉంటుంది. ఆ స్థిరాంకం పీహెచ్ 7 దగ్గర 0.000111. లాక్టేట్, పైరువేట్ ఎంతెంతున్నాయో కొలిస్తే ఎన్ఏడీ, ఎన్ఏడీహెచ్ నిష్పత్తి దానంతట అదే పడుతుంది. లాక్టేట్ పైరువేట్‌కి 12 రెట్లు ఉంటే, 1ని 12తో భాగించి మళ్ళీ 0.000111తో భాగించండి. 750 వస్తుంది. ఎలుక లివర్ సైటోసాల్‌కి వాళ్ళు చెప్పింది దాదాపు 700. మైటోకాండ్రియా లోపల హైడ్రాక్సీబ్యూటిరేట్, అసిటోఅసిటేట్ జోడీతో లెక్క కడితే 8.

ఒకే కణం, ఒకే కోఎంజైము. గోడకి ఇవతల 700, అవతల 8.

సైటోసాల్‌లో ఫ్రీ ఎన్ఏడీ 0.5 మిల్లీమోలార్ అనుకుంటే ఫ్రీ ఎన్ఏడీహెచ్ 0.7 మైక్రోమోలార్. మీ ఎస్జీపీటీ రీఏజెంట్‌లో దాదాపు 200 మైక్రోమోలార్ పోస్తారు. అంటే కణంలో ఉన్నది మీ కువెట్‌లోదానికి సుమారు మూడువందలో వంతు. అణువుల లెక్కలో, ఒక లివర్ కణపు సైటోసాల్ 2 పికోలీటర్లు అనుకుంటే, ఎన్ఏడీ 60 కోట్లు, ఎన్ఏడీహెచ్ 8 లక్షల చిల్లర. మీ కువెట్ మూడింటికి అడుగంటింది, కణం ఎందుకు అడుగంటదంటే మీ కువెట్‌లో ఖర్చు చేసేవాడే ఉన్నాడు, నింపేవాడు లేడు. కణంలో నింపేవాళ్ళూ ఖర్చు చేసేవాళ్ళూ ఒకే నీళ్ళలో ఉన్నారు. నిల్వ గోరంత, తిరుగుడు కొండంత.

ఇప్పుడు ఛానెలింగ్ గొడవ.

1980ల మధ్యలో డి.కె. శ్రీవాస్తవ, సిడ్నీ బెర్న్‌హార్డ్ ఒక అందమైన సంగతి బయటపెట్టారు. ఎన్ఏడీహెచ్‌లో నికోటినమైడ్ ఉంగరానికి రెండు ముఖాలు, 'ఏ' (A), 'బీ' (B) అని. కొన్ని ఎంజైములు హైడ్రైడ్‌ని (రెండు ఎలక్ట్రాన్లతో ఉన్న హైడ్రోజన్‌ని) 'ఏ' ముఖం మీదే పెడతాయి, తీస్తాయి. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్, ఎల్‌డీహెచ్ ఆ గుంపు. గ్లిసరాల్డిహైడ్ ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్, గ్లిసరాల్ ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ బీ ముఖం గుంపు. 'ఏ' గుంపుదీ 'బీ' గుంపుదీ ఎదురుపడితే ఎన్ఏడీహెచ్ నీళ్ళలో పడకుండానే దీని గూట్లోంచి దాని గూట్లోకి పోతుందని, ఒకే గుంపువైతే పోదని వాళ్ళు వాదించారు. చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ప్రకృతి రెండు ముఖాలు ఎందుకు పెట్టిందో దొరికిందనుకున్నాను.

వాళ్ళ పరీక్ష సూటిగా ఉంటుంది. ఎన్ఏడీహెచ్ కొద్దిగా తీసుకోండి. దాన్ని పట్టుకునే దాత ఎంజైముని మితిమీరి పోయండి, దాదాపు మొత్తం దాని గూళ్ళలోకే పోతుంది. ఇప్పుడు చిటికెడు ఎల్‌డీహెచ్, కాస్త పైరువేట్ వేయండి. ఎల్‌డీహెచ్ నీళ్ళలో ఉన్నదాన్నే వాడుకుంటే, దాత పెరిగేకొద్దీ ఫ్రీ ఎన్ఏడీహెచ్ తగ్గి వేగం పడిపోవాలి. దాత చేతి నుంచే తీసుకుంటే వేగం పడదు.

నేను గ్లిసరాల్ ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్‌ని దాతగా పెట్టి చేశాను. వేగం పడలేదు! దాత రెట్టింపు చేశా, నాలుగింతలు చేశా, గీత కొలబద్ద పెట్టి గీసినట్టు చదును. మూడు వారాలు నేల మీద నడవలేదు. గ్రాఫులన్నీ తీసుకుని మా గైడు దగ్గరికి వెళ్తే ఆయన ఒక్కటే అడిగారు: "ఎల్‌డీహెచ్ పోయకుండా చేశావా?"

చేశాను, కానీ దాత అతి తక్కువ ఉన్నప్పుడు చేశాను. వెనక్కొచ్చి అతి ఎక్కువ దాతతో, ఎల్‌డీహెచ్ చుక్క లేకుండా పెట్టా. 340 దిగడం మొదలైంది. నా గుండె కూడా. ఆ దాత ఎంజైము కుందేలు కండరంలోంచి తీసింది, కండరంలో ఎల్‌డీహెచ్ కావలసినంత. సీసాలోనే పిసరంత కలిసి వచ్చింది. నేను దాతని రెట్టింపు చేసిన ప్రతిసారీ ఆ దొంగ ఎల్‌డీహెచ్ కూడా రెట్టింపు, ఫ్రీ ఎన్ఏడీహెచ్ సగం. రెంటి లబ్ధం ఎప్పుడూ ఒకటే. అందుకే గీత అంత చదును. నేను కనిపెట్టింది ఛానెలింగ్ కాదు, గుణకారం.

శ్రీవాస్తవ, బెర్న్‌హార్డ్‌లది నాలాంటి పొరపాటని అనడం లేదు సుమా. వాళ్ళ మీద వచ్చిన అభ్యంతరం వేరు. 1988లో చాక్, గట్‌ఫ్రాయిండ్ స్టాప్డ్ ఫ్లో (రెండు ద్రావణాల్ని చటుక్కున కలిపి వెంటనే కొలిచే పద్ధతి) పెట్టి మిల్లీసెకన్లలో చూశారు. గ్లిసరాల్ ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ నుంచి ఎల్‌డీహెచ్‌కి ఎన్ఏడీహెచ్ మారే వేగాన్ని వివరించడానికి దాత దాన్ని వదలడం, ఎల్‌డీహెచ్ నీళ్ళలోంచి పట్టుకోవడం, ఈ రెండే సరిపోయాయి. నేరుగా అందించే మెట్టు అక్కర్లేకపోయింది. 1991లో అదే గుంపు ఈ గ్లైకాలిసిస్ ఛానెలింగ్ ఉత్త మాయ అని శీర్షికలోనే తేల్చేసింది. నా ఓటు వాళ్ళకే. గూడు బిగువుగా ఉందా వదులుగా ఉందా అన్న అంచనా కాస్త తప్పినా ఫ్రీ ఎన్ఏడీహెచ్ లెక్క ఎన్నో రెట్లు తప్పుతుంది, సమతాస్థితి పరీక్షల బలహీనత అక్కడే.

అయితే "ఛానెలింగే లేదు" అని మాత్రం పరీక్షలో రాయకండి. ఎన్ఏడీహెచ్‌కి లేదు, అంతే. లివర్‌లోనే ఫోలేట్ కోఎంజైము ఒకటుంది, దానికి ఉంది. ఫార్మిమినోట్రాన్స్‌ఫరేజ్ సైక్లోడీఅమినేజ్ అని నోరు తిరగని పేరు, హిస్టిడిన్‌ని విరగ్గొట్టే దారిలో వస్తుంది. ఒకే ప్రోటీన్ మీద రెండు పనిచోట్లు. ఫోలేట్‌కి తోకగా ఐదు గ్లుటమేట్లు ఉంటే, మొదటి చోట తయారైన సరుకు నీళ్ళలో పడకుండా రెండో చోటికి పోతుంది. తోక పొట్టిదైతే చాలావరకు జారిపోతుంది. తోకతో గుంజకి కట్టేసినట్టన్నమాట.

---

పీజీఫస్టియర్:

తాతగారూ, చెరువు ఉపమానం బాగుంది. కానీ ఎలక్ట్రాన్లు మోసే ఇంకో కోఎంజైము ఎఫ్ఏడీ సంగతి? అది కూడా చెరువులోకి దూకి ఇంకో ఎంజైముని వెతుక్కుంటుందా? మా నోట్సులో ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 రెండూ పక్కపక్కన రాసి రెండింటికీ ఒకేలాంటి బాణం గీశారు.

---

కువెట్‌తాత:

ఆ నోట్సు రాసినవాళ్ళని నాలుగు మాటలనాలి. ఎఫ్ఏడీ కదలదు. సక్సినేట్ డీహైడ్రోజినేజ్‌లో అయితే ప్రోటీన్‌కి రసాయన బంధంతోనే అతుక్కుని ఉంటుంది, చచ్చినా రాదు. అక్కడ కదిలేవి ఎలక్ట్రాన్లు మాత్రమే, ఎఫ్ఏడీ నుంచి ఇనుము గంధకం గుత్తుల మీదుగా యుబిక్వినోన్‌కి. యుబిక్వినోన్ పొరలో ఈదుతుంది, అది వేరే చెరువు.

కొవ్వు ఆమ్లాలు కాలే చోట ఇంకో ఏర్పాటు. అక్కడి ఎసైల్ కోఎ డీహైడ్రోజినేజ్ ఎఫ్ఏడీని వదలదు కాబట్టి ఈటీఎఫ్ అనే చిన్న ప్రోటీన్ తన ఎఫ్ఏడీని గూట్లో పెట్టుకునే వచ్చి, దాని పక్కన ఆనుకుని, ఎలక్ట్రాన్లు తీసుకుని పోతుంది. మనిషి రాకపోతే ఇల్లే నడిచొచ్చినట్టు.

పైరువేట్ డీహైడ్రోజినేజ్‌లో లిపోయిల్ చెయ్యి చూడు. లైసిన్ కొసన 14 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవున వేలాడుతూ గుంజకి కట్టిన దూడలా ఒక పనిచోటు నుంచి ఇంకోదానికి తిరుగుతుంది. తాడు దాటి పోదు. పైరిడాక్సల్ ఫాస్ఫేట్ కూడా గూడు వదలని రకమే, ఏఎల్‌టీలో లైసిన్‌ని పట్టుకుని కూర్చుంటుంది. నువ్వు బాణం గీసే ముందు ఈ కోఎంజైము ఊళ్ళు తిరిగేదా, ఇల్లు కదలనిదా అని ఒకసారి అడుక్కో, సగం తప్పులు పోతాయి.

---

వార్డురౌండు:

లివర్ రోగుల్ని చూసేవాణ్ణి, కైనెటిక్స్ మర్చిపోయి చాలాకాలమైంది. కానీ ఎన్ఏడీహెచ్ అందరిదీ అనడానికి సాక్ష్యం మంచం పక్కనే దొరుకుతుంది, అది చెప్దామని.

బాగా తాగి, రెండు రోజులుగా ఏమీ తినకుండా వచ్చిన మనిషి. గ్లూకోజ్ 40. లాక్టేట్ ఎక్కువ. మూత్రంలో కీటోన్ల స్ట్రిప్ పెడితే లేతగా, ఉందా లేదా అన్నట్టు. రక్తం మాత్రం బాగా ఆమ్లంగా ఉంది. హౌస్‌సర్జన్‌గా మొదటిసారి ఇలాంటి కేసు చూసినప్పుడు నాలుగు రిపోర్టులూ నాలుగు జబ్బులనుకున్నాను. స్ట్రిప్ లేతగా ఉందని కీటోన్ల మాట పక్కన పెట్టేశాను కూడా. సీనియర్ వచ్చి సరిదిద్దారు.

జబ్బు ఒకటే. ఆల్కహాల్ అసిటాల్డిహైడ్ అయ్యేటప్పుడు ఒక ఎన్ఏడీహెచ్, అది అసిటేట్ అయ్యేటప్పుడు ఇంకొకటి. మొదటిది సైటోసాల్‌లో, రెండోది ఎక్కువగా మైటోకాండ్రియాలో. ఆల్కహాల్‌కి ఆగమనే సిగ్నల్ ఏదీ లేదు, ఉన్నంతసేపూ పోస్తూనే ఉంటుంది. రెండు చెరువుల్లోనూ నీటిమట్టం లేచిపోతుంది.

ఇప్పుడు ఏమవుతుందో చూడండి. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్‌కీ ఎల్‌డీహెచ్‌కీ చుట్టరికం ఏమీ లేదు, వేర్వేరు దారుల్లోవి. పైగా తాతగారు చెప్పిన ముఖాల లెక్కలో రెండూ ఒకే గుంపు, చేతికిచ్చుకునే జోడీ కూడా కాదు. అయినా ఎల్‌డీహెచ్ వెంటనే ఎదురు తిరిగి పైరువేట్‌ని లాక్టేట్ చేసేస్తుంది. గ్లూకోజ్ చేయడానికి పైరువేట్ కరువు. నిల్వ గ్లైకోజెన్ ముందే అయిపోయింది కాబట్టి షుగర్ పడిపోతుంది. మైటోకాండ్రియాలో అసిటోఅసిటేట్ అంతా హైడ్రాక్సీబ్యూటిరేట్ వైపు ఒరుగుతుంది. మన స్ట్రిప్‌లోని నైట్రోప్రసైడ్ అసిటోఅసిటేట్‌కే రంగు మారుతుంది, రెండోదాన్ని చూడదు. కీటోన్లు దండిగా ఉన్నా స్ట్రిప్ లేతగా ఉండేది అందుకే. తాతగారు 1967 లెక్కకి వాడారన్న రెండు జోడీలూ ఇవే, మా కేస్ షీట్‌లో ఎప్పుడూ ఉన్నాయి, మేమే అలా చదవలేదు.

వదలడం గురించి ఒక మాట. మెథనాల్ తాగినవాళ్ళకి ఫోమెపిజోల్ ఇస్తాం. అది ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ గూట్లో ఎన్ఏడీ ఉండగా వచ్చి కూర్చుని ఇద్దరినీ కలిపి బిగించేస్తుంది. మెథనాల్ నుంచి ఫార్మాల్డిహైడ్ తయారీ ఆగుతుంది. మీరు ఎంజైముకి అడ్డంకి అన్న ఆ గట్టి పట్టే మాకు మందు.

ఒక సందేహం కూడా. సైటోసాల్‌లో ఎన్ఏడీహెచ్ ఇంత పెరిగితే, అది మైటోకాండ్రియాలోకి పోయి కాలిపోవచ్చుగా? అక్కడ కాల్చే యంత్రం ఉందిగా?

---

కువెట్‌తాత:

డాక్టరుగారూ, ఒకే గుంపు ఎంజైముల మాట నాకు తట్టలేదు, దెబ్బకి దెబ్బ. బెర్న్‌హార్డ్ లెక్కనే తీసుకున్నా అక్కడ పూల్ తప్ప దారి లేదు.

మీ సందేహానికి: ఎన్ఏడీహెచ్‌కి మైటోకాండ్రియా లోపలి పొర దాటే దారి లేదు. హైడ్రైడ్ ఒక్కటే బండి మారుతుంది. సైటోసాల్‌లో ఎన్ఏడీహెచ్ దాన్ని ఆక్సలోఅసిటేట్ మీద పెడితే మాలేట్ అవుతుంది, మాలేట్ లోపలికి పోయి అక్కడి ఎన్ఏడీకి అప్పగిస్తుంది, ఆక్సలోఅసిటేట్ అస్పార్టేట్ వేషంలో వెనక్కొస్తుంది. లివర్‌లో ముఖ్యమైన దారి ఇదే. ఆ వేషం మార్చేది ఏఎస్‌టీ, అంటే రాత్రిడ్యూటీ గారు ఎస్జీపీటీ పక్కనే రోజూ రిపోర్టు చేసే ఎస్‌జీఓటీ. ఆల్కహాల్ పోసే వేగానికి ఈ దారీ, లోపల కాల్చే వేగమూ సరిపోవు, కాబట్టి మట్టం లేచే ఉంటుంది.

ఖాళీ ఎన్ఏడీ మాట వేరు. మైటోకాండ్రియాకి దాన్ని లోపలికి తెచ్చే ప్రోటీన్ మన కణాల్లో ఏదో చాలాకాలం తేలలేదు. ఎస్ఎల్‌సీ25ఏ51 అని 2020లో బయటపడింది. నేను పాఠం చెప్పినన్నాళ్ళూ అక్కడ గోడ మీద ప్రశ్నార్థకం గీసి వదిలేసేవాణ్ణి.

---

రాత్రిడ్యూటీ:

అందరికీ నమస్కారం. రెండు రాత్రులు కూర్చుని చదివాను, 750 లెక్క చేత్తో వేసి చూసుకున్నాను, వచ్చింది.

తాతగారి దొంగ ఎల్‌డీహెచ్ కథ చదివాక నా చేతులు ఊరుకోలేదు. మా పరీక్షలో మొదటి రీఏజెంట్‌లో అలనిన్, ఎల్‌డీహెచ్, ఎన్ఏడీహెచ్ ఉంటాయి. కీటోగ్లుటరేట్ రెండో రీఏజెంట్‌తో వస్తుంది, అది వస్తేగానీ ఏఎల్‌టీ పని మొదలవదు. మధ్యలో ఐదు నిమిషాలు ఎందుకు ఆపుతారో తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అడగలేదు, మెషిన్ ఆపుతుంది, నేను ఆగుతాను. నిన్న రిపోర్టు అయిపోయిన ఒక మామూలు సీరం మిగిలితే, రెండో రీఏజెంట్ బదులు సెలైన్ పెట్టి నడిపాను. ఏఎల్‌టీకి పని లేదు కాబట్టి గీత కదలకూడదు. కానీ మొదట్లో 0.04 దిగింది. దిగి ఆగింది. తర్వాత పది నిమిషాలు చదును.

ముందు భయమేసింది, మా రీఏజెంట్‌లో కూడా దొంగ ఉన్నాడా అని. సీరం బదులు సెలైన్ పెట్టి చూస్తే దిగలేదు. అంటే ఆ 0.04 సీరంలోంచే వచ్చింది.

---

కువెట్‌తాత:

దొంగైతే ఆగడు. ఆగింది కాబట్టి అది ఎంజైము కాదు, సరుకు. ఆ సీరంలో ముందే ఉన్న పైరువేట్ అయ్యుంటుంది, ఎల్‌డీహెచ్ దాన్ని ఊడ్చేసింది. ఐదు నిమిషాలు ఆపేది ఆ ఊడ్పు కోసమే. 6,220తో (ఒక మోలార్ ఎన్ఏడీహెచ్‌కి 340 దగ్గర ఉండే అబ్సార్బెన్స్) భాగించి, మీ డైల్యూషన్‌తో గుణించి చూడండి ఎంతొస్తుందో.

---

రాత్రిడ్యూటీ:

0.04ని 6,220తో భాగిస్తే కువెట్‌లో 6.4 మైక్రోమోలార్. మా మెషిన్‌లో సీరం 12 రెట్లు పలచబడుతుంది. 77 మైక్రోమోలార్. పుస్తకంలో రక్తంలో పైరువేట్ నార్మల్ 30 నుంచి 100 అని ఉంది.

పైరువేట్ పరీక్షకి మా ల్యాబ్‌లో కిట్టే లేదు తాతగారూ.

---

కువెట్‌తాత:

నిల్వ ఉన్న సీరంలో పైరువేట్ నిలకడగా ఉండదు, కాబట్టి ఆ 77ని రిపోర్టులో రాయకండి. మీ నోట్‌బుక్‌లో మాత్రం తేదీ వేసి రాసుకోండి.